ఆరు నెలల సర్టిఫికెట్టా, రెండేళ్ల డిప్లొమానా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ పాసైంది. కర్నూల్లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేయించాలనుకుంటున్నాం. ఒకచోట ఆరు నెలల సర్టిఫికెట్‌కు 35 వేలు అడిగారు, అవగానే 8 వేల జీతానికి పెట్టిస్తామన్నారు. రెండేళ్ల డీఎంఎల్‌టీకి (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) ఏడాదికి 45 వేలు. అది చదివినవాళ్లకు 13 వేలు ఇస్తున్నారట. హాస్టలుకు నెలకు 4,500. ఫీజుకు నూటికి రెండు రూపాయల వడ్డీతో అప్పు తేవాలి. ఏది మేలు?
– ఒక రైతు, పత్తికొండ

జవాబు: మీరు రాసిన అంకెలతోనే లెక్క వేద్దాం. సర్టిఫికెట్‌కు ఫీజు, ఆరు నెలల హాస్టలు కలిపి 62 వేలు. డిప్లొమాకు ఫీజు 90 వేలు, హాస్టలు 1,08,000. ఏప్రాన్, రికార్డులు, పరీక్ష ఫీజులు, రిజిస్ట్రేషన్‌కు ఇంకో 12 వేలు పక్కన పెట్టుకోండి. మొత్తం 2,10,000. అంటే తేడా 1,48,000. సర్టిఫికెట్ చదివితే మిగతా 18 నెలలు ఉద్యోగం చేసి, హాస్టలు ఖర్చు పోను నెలకు 3,500 చొప్పున 63 వేలు మిగుల్చుకోగలదు. డిప్లొమాలో అదీ రాదు. రెండూ కలిపితే 2,11,000. జీతంలో తేడా నెలకు 5 వేలు కాబట్టి వడ్డీ కాకుండానే ఇది పూడటానికి మూడున్నరేళ్లు పడుతుంది. వడ్డీ కలిపితే నాలుగేళ్లు.

అయినా మా సలహా డిప్లొమానే. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం డిప్లొమా అంటే కనీసం 2,000 గంటల చదువు, అదీ రెండేళ్లకు తగ్గకుండా. ఆరు నెలల కాగితం ఆ దరిదాపుల్లోకి రాదు. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు మామూలుగా డీఎంఎల్‌టీ లేదా బీఎస్సీ ఎంఎల్‌టీతో పాటు రాష్ట్ర పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. జిల్లాల్లో వచ్చే కాంట్రాక్టు నోటిఫికేషన్లలో సాధారణంగా వందలో 75 మార్కులు చదువులో వచ్చిన మార్కులకే. పాసైన తర్వాత గడిచిన ఒక్కో ఏడాదికి ఒక్కో మార్కు చొప్పున పదిదాకా కలుపుతారు. అందుకే ఇప్పుడు సర్టిఫికెట్ చదివి, నాలుగేళ్ల తర్వాత డిప్లొమాకు వస్తే ఆ మార్కులూ పోతాయి.

ముందు కర్నూలు, అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో సీటుకు ప్రయత్నించండి. అది రాకపోతేనే ప్రైవేటు. అప్పు మాత్రం ఒకేసారి తేవద్దు. 90 వేలూ మొదటే తెస్తే రెండేళ్లలో వడ్డీ 43,200. ఏ ఏడాది ఫీజు ఆ ఏడాది తెస్తే 32,400. ఫీజు కట్టేముందు కాలేజీ పేరు బోర్డు జాబితాలో ఉందో లేదో చూడండి. ట్రైనింగ్ ఏ ఆసుపత్రిలో, అక్కడ రోజుకు ఎన్ని శాంపిళ్లు వస్తాయి, పిల్లల చేత రక్తం తీయిస్తారా లేక నిలబెట్టి చూపిస్తారా అని సీనియర్లనే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ చేతిలో పెట్టకండి, జిరాక్సులు చాలు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో రక్తం శాంపిళ్లు తీసుకునే కలెక్షన్ సెంటర్ పెట్టాను. వాటిని పరీక్షకు కడప ల్యాబుకు పంపుతాను. బిల్లులో నా వాటా 40 శాతం. బాడుగ, కుర్రాడి జీతం, ట్యూబులు, రవాణా కలిపి నెలకు 16 వేలు. సగటు బిల్లు 250. షుగర్ తక్కువగా, పొటాషియం ఎక్కువగా వస్తోందని డాక్టర్లు మళ్లీ చేయమంటున్నారు.
– ఒక టెక్నీషియన్

జవాబు: 16 వేలు రావాలంటే నెలకు 40 వేల బిల్లు కావాలి, అంటే 160 మంది. పాతిక పనిదినాలకు రోజుకు ఆరేడుగురు. ఆపైన వచ్చేదే మీది. ఉచితంగా మళ్లీ చేసిన ప్రతి శాంపిల్‌కూ ట్యూబు, సిరంజి, రవాణా మీ నెత్తినే పడతాయి. అంతకన్నా పెద్ద నష్టం, డాక్టరు రాయడం మానేయడం.

తప్పు చాలావరకు కడప ల్యాబుది కాకపోవచ్చు. వేరుచేయకుండా ఉంచిన రక్తంలో కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలోనే గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది, మన ఎండాకాలంలో ఇంకా వేగంగా. షుగర్‌కు బూడిద రంగు మూత ట్యూబే వాడండి, అందులోని ఫ్లోరైడ్ గ్లూకోజు తరగకుండా ఆపుతుంది. ఫ్లోరైడ్ పూర్తిగా పనిచేయడానికి కూడా గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి దాన్నీ త్వరగా సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) వేరుచేయడం మంచిది.

పొటాషియం సంగతి దీనికి తలకిందులు. విడదీయని రక్తాన్ని ఐస్ డబ్బాలో పెడితే కణాల్లోంచి పొటాషియం బయటికి వస్తుంది. ఎర్ర మూత ట్యూబును అరగంట గడ్డకట్టనిచ్చి, 3,000 ఆర్‌పీఎం మీద పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, సీరమ్ వేరే ట్యూబులో పోసి అప్పుడు చల్లగా పంపండి. పిడికిలి పదేపదే బిగించమని పేషెంటుకు చెప్పడం మానిపించండి. ఊదా మూత ట్యూబులో ముందు పోసి, తర్వాత ఎర్ర మూత ట్యూబు నింపుతున్నారేమో కుర్రాణ్ని గమనించండి. ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏలో పొటాషియం ఉంటుంది. ఒక చుక్క అంటినా పొటాషియం పెరిగి, కాల్షియం పడిపోయి కనిపిస్తుంది. వరుస ఇది: నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద. గోడకు అంటించండి.

ప్రశ్న: ఒకేషనల్ ఇంటర్‌లో ఎంఎల్‌టీ చదివాను. మళ్లీ డిప్లొమా తప్పదా?
– విద్యార్థి, అనంతపురం

జవాబు: అక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసి, పారామెడికల్ బోర్డులో నమోదు చేసుకోండి. పోస్టులకు ఒకేషనల్ వాళ్లను ఆ ఏడాది ఉంటేనే తీసుకుంటారు, కాబట్టి ప్రైవేటు ల్యాబులో చేరడానికి ముందే అది ముగించండి.