ఎకో లెక్క తర్వాత చూద్దాం, ముందు ఆ నొప్పి మాత్ర ఆపండి

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. 12 రోజుల కిందట బైపాస్ అయింది. ఐసీయూలో మెడ దగ్గర వేసిన కాథెటర్‌తో చూసినప్పుడు గుండె పంప్ చేసే రక్తం, అంటే కార్డియాక్ అవుట్‌పుట్ నిమిషానికి 4.6 లీటర్లు ఉందన్నారు. డిశ్చార్జికి ముందు ఎకో (గుండె స్కాన్)లో 3.8 వచ్చింది. గుండె బలహీనపడిందా? వేరేచోట మళ్లీ ఎకో తీయించాలా? మాటిమాటికీ మూత్రం వస్తోందని ఒంట్లో నీరు తగ్గించే లాసిక్స్ మానేశారు. ఛాతీ నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చారు. ఐదు రోజుల్లో 3 కిలోలు పెరిగారు, రెండు కాళ్లూ వాచాయి.
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు చివర్లో రాసిందే అసలు సంగతి. డైక్లోఫెనాక్ ఇక ఒక్క మాత్ర కూడా వేయొద్దు. బైపాస్ అయిన కొత్తలో ఈ రకం మాత్రలతో గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. కిడ్నీలు ఉప్పును, నీటిని బయటికి వదలవు. పైగా లాసిక్స్ కూడా మానేశారు. ఆ 3 కిలోలు ఒంటపట్టిన తిండి కాదు, చాలావరకు నీరే అయి ఉంటుంది. బైపాస్ కోసం రక్తనాళం తీసిన కాలు ఒక్కటే వాస్తే అది వేరు, రెండూ వాచాయంటే ఉపేక్షించకూడదు. అలాగని లాసిక్స్ మీరే మళ్లీ మొదలుపెట్టకండి. ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఇవాళే చూపించండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, ఈసీజీ చూశాక డోసు వారే చెబుతారు.

ఇక ఆ అంకెలు. ఎకోలో గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే దారి వ్యాసం కొలిచి వైశాల్యం కడతారు. దాన్ని ఒక్కో స్పందనకు రక్తం సాగే దూరంతో, తర్వాత నాడితో గుణిస్తారు. వ్యాసం 2 సెంటీమీటర్లు, దూరం 17, నాడి 72 అనుకుంటే 3.8 లీటర్లు. అదే వ్యాసం 2.2గా కొలిస్తే 4.65! రెండు మిల్లీమీటర్ల తేడాకే ఇంత. ఛాతీ మీద పెట్టే ఎకో ప్రోబ్ రక్త ప్రవాహానికి 20 డిగ్రీలకు మించి పక్కకు ఉన్నా లెక్క తగ్గుతుంది. కొత్త కుట్లు, కట్లు ఉన్న రోగిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టడం కష్టం, బొమ్మ సరిగా రాదు. నాడి క్రమం తప్పితే, బైపాస్ తర్వాత ఇది మామూలే, ఐదు నుంచి పది స్పందనల సగటు తీయాలి. చల్లటి సెలైన్ పంపి చూసే కాథెటర్ లెక్కకూ దాని పొరపాట్లు దానికున్నాయి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పద్ధతుల్లో వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి గుండె బలహీనపడిందని తేల్చలేం.

ఎకో మళ్లీ కావాలి. కానీ ఈ అంకె కోసం కాదు, గుండె చుట్టూ నీరు చేరిందేమో చూడటానికి. వీలైతే పాత ఎకో తీసిన చోటే తీయించండి, పోల్చడం తేలిక.

నొప్పికి సాధారణంగా పారాసెటమాల్ సరిపోతుంది, డోసు డాక్టరును అడగండి. స్ట్రిప్ మీద పారాసెటమాల్ అని కనబడగానే కొనేయకండి, దాని పక్కనే చిన్న అక్షరాల్లో డైక్లోఫెనాక్ రకానిదే అయిన ఎసిక్లోఫెనాక్ ఉంటుంది చాలాసార్లు. నొప్పి మాత్రలు ఆపమన్నారని కొందరు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) కూడా ఆపేస్తారు, ఆ పని మాత్రం చేయకండి. పడుకుంటే ఆయాసం, కళ్లు తిరగడం, గుండెదడ, మూత్రం బాగా తగ్గడం, ఇందులో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.