టెక్ సందేహాలు: రాయ్‌చు పిడుగు ఎందుకు గురి తప్పుతోంది?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ, బీటెక్ సెకండియర్. నింటెండో స్విచ్ గేమ్ కన్సోల్‌లో పోకెమాన్ స్కార్లెట్ ఆడుతున్నా. నిన్న రూమ్మేట్ పోకెమాన్ గ్యారడాస్ మీద నా కరెంటు రకం పోకెమాన్ రాయ్‌చు వేసిన థండర్ అనే పిడుగు దాడి వరుసగా మూడుసార్లు తప్పింది. మ్యాచ్ పోయింది. గేమ్‌లో బగ్ ఉందా? థండర్‌బోల్ట్ అనే ఇంకో కరెంటు దాడికి మారిపోవాలా?

జవాబు: బగ్ లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, థండర్ తీరే అంత. దాని గురి నూటికి 70. వరుసగా మూడుసార్లు తప్పే అవకాశం 2.7 శాతం. మూడేసి దెబ్బల చొప్పున వేస్తూ పోతే సుమారు 37 విడతల్లో ఒకసారి ఇలా అవుతుంది. రోజూ రాత్రి రూంలో ఆడేవాళ్లకు అదేం వింత కాదు.

థండర్ బలం 110, థండర్‌బోల్ట్‌ది 90. థండర్‌బోల్ట్ గురి నూటికి నూరు. 110లో 70 శాతం అంటే 77. సగటున చూసినా థండర్‌బోల్టే మేలు. పైగా థండర్‌ని 10 సార్లే వాడగలం, థండర్‌బోల్ట్‌ని 15 సార్లు. (పాత గైడ్లలో 120, 95 అని కనిపిస్తే కంగారు పడకండి. 2013లో ఎక్స్, వై గేములతో ఆ అంకెలు తగ్గాయి.)

అసలు మీ మ్యాచ్‌లో ఆ అదనపు 20 అవసరమే లేదు. గ్యారడాస్ నీటి రకం, ఎగిరే రకం రెండూ కాబట్టి కరెంటు దెబ్బ నాలుగింతలు తగులుతుంది. రాయ్‌చు సొంత రకం మూవ్ (దాడి) కావడంతో ఇంకో ఒకటిన్నర రెట్లు. మొత్తం ఆరు రెట్లు! అంత దెబ్బకు మామూలుగా అయితే థండర్‌బోల్టే సరిపోతుంది. చచ్చిన పామును మళ్లీ కొట్టడానికి గురి పోగొట్టుకోవడం దేనికి?

థండర్ పనికిరానిదని కాదు. గేమ్‌లో వాన పడుతుంటే దాని గురి తప్పదు. వాన తెచ్చే డ్రిజిల్ అనే గుణం ఉన్న పెలిప్పర్ అనే పోకెమాన్‌ని ముందు దింపితే ఐదు టర్న్‌లు వాన కురుస్తుంది, అప్పుడు రాయ్‌చుని పంపాలి. పక్షవాతం తెచ్చే అవకాశం కూడా థండర్‌కి 30 శాతం, థండర్‌బోల్ట్‌కి 10 శాతమే. కానీ వాన మీకొక్కరికే కాదు. రూమ్మేట్ నీటి దాడులకూ అదే వాన 50 శాతం బలం పెంచుతుంది. ఇక మన వరంగల్ మే నెలలాంటి ఎండ గేమ్‌లో కాస్తే థండర్ గురి 50కి పడిపోతుంది.

ఇంకో మాట. రూమ్మేట్ రేపు క్వాగ్‌సైర్ అనే పోకెమాన్‌ని దింపితే ఏ పిడుగూ పనిచేయదు, దానిలో నేల రకం కూడా ఉంది. నేనూ మొదట్లో నీటి రకమే కదా అని దాని మీద కరెంటు వేసి తెల్లమొహం వేసుకున్నవాణ్నే. ఒక గడ్డి రకం మూవ్ దగ్గర పెట్టుకోండి, క్వాగ్‌సైర్‌కి అది నాలుగింతలు.

ప్రశ్న: ఫోన్‌లో ఆడే పోకెమాన్ గోలో కూడా థండర్ గురి తప్పుతుందా? (జగిత్యాల)

జవాబు: లేదు. ఆ గేమ్‌లో ఈ గురి లెక్కే లేదు. ట్రైనర్ పోటీల్లో అవతలివాళ్లు షీల్డ్ వాడితే మాత్రం దెబ్బ దాదాపు వృథా.

ప్రశ్న: మాది మంచిర్యాల. గాలివానలో పిడుగుపడి రౌటర్, టీవీ రెండూ కాలిపోయాయి. టీవీకి స్టెబిలైజర్ ఉంది, అయినా ఎందుకు పోయింది?

జవాబు: ఇది అసలైన పిడుగు. స్టెబిలైజర్ పని వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని సరిచేయడం. పిడుగు వల్ల వచ్చే పోటు సెకనులో లక్షల వంతుల కాలంలో వచ్చిపోతుంది, అది స్పందించేలోపే నష్టం జరిగిపోతుంది. మంచి సర్జ్ ప్రొటెక్టర్ కొంతవరకు కాపాడుతుంది, అదీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉంటేనే. ముందు ఎలక్ట్రీషియన్‌తో అది చూపించండి. ఇంటి మీదే పిడుగు పడితే ఏ పెట్టె కూడా ఆపలేదు.

గోడ మీది స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీయాలి. కేబుల్ టీవీ వైరు, రౌటర్ నుంచి టీవీకి వెళ్లే లాన్ వైరు కూడా తీసేయండి, చాలాసార్లు పోటు అక్కణ్నుంచే వస్తుంది. మబ్బు పట్టగానే ఈ పని చేయాలి, నెత్తిమీద ఉరుముతున్నప్పుడు వైర్లు ముట్టుకోవద్దు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల గురించి హెచ్చరిస్తుంది.

హనుమకొండ తమ్ముడికీ ఇదే వర్తిస్తుంది. మబ్బు పట్టగానే నీ గేమ్ స్విచ్‌ని టీవీకి కలిపే డాక్ నుంచి తీసి బ్యాటరీ మీద ఆడుకో.