గోదాము చిరునామా పాలసీలో ఉందా?

ప్రశ్న: విజయవాడ సింగ్‌నగర్‌లో మాకు కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది. 2024 సెప్టెంబరులో వచ్చిన బుడమేరు వరదకు తోటి వ్యాపారులు ఎంత నష్టపోయారో కళ్లారా చూశాను. మా క్యాష్ క్రెడిట్ ఖాతా (సరుకు పూచీపై తీసుకున్న రుణ ఖాతా) నుంచి బ్యాంకు వారు ఏటా బీమా ప్రీమియం మినహాయించుకుంటున్నారు గాని పాలసీ కాగితం నేనెన్నడూ చూడలేదు. రుణ పరిమితి 24 లక్షలు కనుక బీమా కూడా అంతకే చేయించామంటున్నారు. పండుగల ముందు దుకాణంలోనే 40 లక్షల సరుకు ఉంటుంది. అది కాక పక్క వీధిలో అద్దె గోదాము ఉంది. మళ్లీ ముంపు వస్తే పూర్తి పరిహారం అందుతుందా?

జవాబు: మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే అందదు. అయితే అందుకు కారణం వరద కాదు. ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలకు మించని చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ఒకే నమూనా పాలసీ అమలులో ఉంది. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్ల వల్ల కలిగే నష్టాలు అందులోనే చేరి ఉన్నాయి. చిక్కంతా షెడ్యూలు అనే మొదటి కాగితంలో ఉంటుంది. ప్రీమియం మీ సొమ్ముతో కట్టినదే కనుక బ్యాంకు నుంచి పాలసీ నకలు అడిగి తీసుకుని, అందులో ఏ చిరునామా ఉందో, ఏయే వస్తువులు ఉన్నాయో, ఎంత మొత్తం ఉందో చూడండి. దుకాణం చిరునామా ఒక్కటే ఉంటే గోదాములోని సరుకుకు పైసా రాదు. రెండు చోట్ల ఉన్న సరుకుకూ ఒకే మొత్తం వర్తించేలా ‘ఫ్లోటర్’ పద్ధతిలో రాయించుకోవచ్చు. బ్యాంకులు తమ రుణానికి పూచీగా ఉన్న సరుకు వరకే బీమా చేయించి ఊరుకోవడం మామూలే. అప్పుడు ర్యాకులు, ఫ్రీజరు, కాటాలు పాలసీకి బయటే ఉండిపోతాయి.

ఇక బీమా మొత్తం సంగతి. నష్టం జరిగిన రోజున దుకాణంలో 40 లక్షల సరుకు ఉండి, అందులో 10 లక్షల సరుకు తడిసి పాడైందనుకుందాం. బీమా 24 లక్షలు ఉంది కదా, 10 లక్షలూ వస్తాయని చాలామంది నమ్ముతారు. కానీ ఉన్న సరుకులో మీరు 60 శాతానికే బీమా చేశారు కనుక నష్టంలోనూ 60 శాతమే, అంటే 6 లక్షలే లెక్కకు వస్తుంది. ఆ సొమ్ము కూడా ముందుగా బ్యాంకుకే చేరుతుంది. సరుకు విలువ కంటే బీమా మొత్తం తగ్గినా ఆ తేడా 15 శాతం దాటకపోతే ఈ కోత వేయకూడదని ఆ పాలసీలోనే ఉంది కనుక, 34 లక్షలకు బీమా ఉన్నా మీకు ఈ కోత తప్పేది. సరుకు పెరిగే నెలల్లో అదనపు ప్రీమియం కట్టి మొత్తాన్ని పెంచుకోవడం మేలు. కొనుగోలు బిల్లులు, స్టాకు లెక్కలు దుకాణంలోనే ఉంటే సరుకుతో పాటు అవీ తడుస్తాయి కనుక నకళ్లు ఇంట్లో ఉంచండి. తడిసిన బస్తాలను, నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరు చూడకముందే పారబోయవద్దు.

ప్రశ్న: గుంటూరులో మిర్చి వ్యాపారిని. నా టిక్కీలు (మిర్చి బస్తాలు) నిల్వ చేసిన కోల్డ్ స్టోరేజీకి బీమా ఉందని యజమాని అంటున్నారు. నేను వేరే తీసుకోవాలా?

జవాబు: ఆయన పాలసీలో ‘ఇతరులు నిల్వకు అప్పగించిన సరుకు’ అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడనిదే ఆ మాటను నమ్ముకోవద్దు. ఆ వాక్యం లేకపోతే భవనానికి, యంత్రాలకే పరిహారం వస్తుంది. ఉన్నా, వందల మంది సరుకుకు ఆ మొత్తం సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. నా అభిప్రాయంలో మీ సరుకుకు మీ పేరునే పాలసీ ఉండటం మంచిది. శీతల యంత్రం ఆగి వేడికి మిర్చి రంగు మారితే మామూలు అగ్నిప్రమాద పాలసీ వర్తించదు. దానికి వేరుగా అదనపు రక్షణ తీసుకోవాలి.

ప్రశ్న: కరీంనగర్‌లో నాకు మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది. పనిచేసే కుర్రాడు నాలుగు ఫోన్లు తీసుకుపోయాడు. చోరీ పాలసీ ఉన్నా బీమా సంస్థ క్లెయిము తిరస్కరించింది. ఇది న్యాయమేనా?

జవాబు: బాధగానే ఉంటుంది గాని, వారి మాటలో తప్పు కనిపించడం లేదు. షట్టరు పగలగొట్టడం వంటి బలప్రయోగపు ఆనవాలు ఉంటేనే చోరీ పాలసీ వర్తిస్తుంది. సిబ్బంది చేతివాటానికి ‘ఫిడిలిటీ గ్యారంటీ’ అనే వేరే పాలసీ ఉంది. దుకాణదారుల ప్యాకేజీ పాలసీల్లో దానిని ఒక భాగంగా ఎంచుకోవచ్చు. మీది ప్యాకేజీ పాలసీ అయితే ఆ భాగానికి ప్రీమియం కట్టారేమో ముందు చూడండి. కట్టి ఉంటే సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సొంత యాజమాన్య దుకాణాల, సూక్ష్మ సంస్థల ఫిర్యాదులను అక్కడ రుసుము లేకుండా విచారిస్తారు.