పికాక్స్ పక్కన పెట్టు, ఒక్క రాయి చేత్తో పట్టుకో

అల్లుడూ,

నువ్వు పంపిన వీడియో రాత్రి రెండుసార్లు చూశాను. మైన్‌క్రాఫ్ట్ ఆటలో సరుకుని రకాల వారీగా వేరుచేసే నీ సార్టర్ ఆగిపోయిందని ఇప్పటికి రెండుసార్లు మొత్తం పీకి మళ్ళీ కట్టావట, నిన్న అన్నం కూడా సరిగ్గా తినలేదట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మూడోసారి మాత్రం పీకకు. పీకేస్తే తప్పు ఎక్కడుందో తెలియకుండానే పోతుంది, లేదంటే అదే తప్పుని అచ్చు గుద్దినట్టు మళ్ళీ కడతావు. నువ్వు రెండోదే చేశావని నా అనుమానం.

ముప్పై ఏళ్ళు రైస్ మిల్లులో ఫిట్టర్‌గా చేశాను కదా, అక్కడా హాపర్లే, సరుకుని ముందుకు దాటించే గరాటులే. పైన ధాన్యం పొంగిపోతుంటే కొత్త కుర్రాళ్ళు ఆ హాపర్‌నే కర్ర పెట్టి బాదేవాళ్ళు. అడ్డం చూస్తే కింద, ఎలివేటర్ అడుగున ఉండేది. నీ ఆటలోనూ అంతే. సరుకు గుట్టపడిన చోటు దాటి ముందుకెళ్ళి చూడాలి.

ఎలా చూడాలంటే, హాపర్ల వరసలో ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పో. నిండిన హాపర్లు అయిపోయి మొదటి ఖాళీ హాపర్ కనబడిన చోట ఆగు. ఆ రెంటి మధ్యే గొడవ. వరస మొత్తం ఖాళీగానే ఉంటే మొదటి చెస్ట్‌లో (సరుకు పెట్టెలో) ఒకే ఒక్క కాబుల్‌స్టోన్ రాయి వేసి దాని వెనక నడువు. ఒక్కో హాపర్ 8 టిక్‌లకు ఒక వస్తువు దాటిస్తుంది, సెకనుకి 20 టిక్‌లు. అంటే 20 హాపర్లు దాటడానికి రాయికి 8 సెకన్లు. తొందరపడకు.

ఇక వీడియో. చివర్లో నువ్వు ఆఖరి హాపర్ తెరిచావు చూడు, అందులో మూడు విల్లులు, ఒక లెదర్ టోపీ, ఒక కత్తి ఉన్నాయి. ఐదు స్లాట్లూ (గళ్ళూ) నిండాయి. రాక్షసుల్ని చంపి సరుకు రాబట్టే నీ మాబ్ ఫార్మ్ నుంచి బాణాలు, ఎముకలతో పాటు అస్థిపంజరాల విల్లులు కూడా వస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి పేరవు, ఒక్కోటి ఒక్కో స్లాట్ తినేస్తుంది, వాటిని నీ సార్టర్‌లో ఏ ఫిల్టరూ (ఒకే రకం సరుకుని ఏరుకునే హాపర్) తీసుకోదు. వరస చివర నువ్వు చెస్ట్ పెట్టలేదు. ఎటూ పోయే దారి లేక అవి అక్కడే కూర్చున్నాయి, వాటి వెనక మిగతావన్నీ క్యూ కట్టాయి. రెండుసార్లు పీకి కట్టినా రెండుసార్లూ చివర చెస్ట్ లేదు. ఆ మూల ఒక డబుల్ చెస్ట్ పెట్టి, ఆఖరి హాపర్ మూతి దానిలోకి తిప్పు. 54 స్లాట్లు వస్తాయి. అప్పుడప్పుడు వెళ్ళి ఖాళీ చెయ్యి.

హాపర్ మూతి అన్నాను కదా. హాపర్ పెట్టేటప్పుడు నువ్వు ఏ బ్లాక్ మీద క్లిక్ చేస్తే మూతి అటు తిరుగుతుంది. చెస్ట్ మీద క్లిక్ చేసేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకోకపోతే చెస్ట్ తెరుచుకుంటుంది, అప్పుడు విసుగొచ్చి పక్క బ్లాక్ మీద పెట్టేస్తాం. చూడ్డానికి చెస్ట్‌కి ఆనుకునే ఉంటుంది, సరుకు మాత్రం అందులో పడదు. కంటితో చూసి నమ్మకు. హాపర్ వైపు చూస్తూ ఎఫ్3 నొక్కు (మీ ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలనుకుంటా). కుడివైపు ఫేసింగ్ అని దిక్కు వస్తుంది, ఎనేబుల్డ్ అని ట్రూ గానీ ఫాల్స్ గానీ వస్తుంది. ఫాల్స్ వచ్చిందంటే దానికి ఎక్కడి నుంచో రెడ్‌స్టోన్ కరెంటు (ఆటలో కరెంటు అదే) తగులుతోంది, అందుకే తాళం పడింది. సార్టర్‌లో కింది హాపర్‌కి మామూలప్పుడు ఫాల్స్ ఉండాలి, రెడ్‌స్టోన్ టార్చ్ కరెంటిచ్చి దాన్ని పట్టి ఉంచుతుంది. పై వరసలో దేనికైనా ఫాల్స్ కనబడితే మాత్రం చుట్టుపక్కల టార్చో, లీవరో, డస్టో (తీగలా కరెంటు మోసే రెడ్‌స్టోన్ పొడి) వెతుకు.

ఫిల్టర్ హాపర్ మూతి కంపారేటర్ (హాపర్ ఎంత నిండిందో కొలిచి సిగ్నల్ ఇచ్చేది) వైపు ఉండాలి, కిందికి కాదు. కిందికి ఉంటే కంపారేటర్‌తో పని లేకుండా అన్నీ జారిపోతాయి. అందులో మొదటి స్లాట్‌లో నీకు కావలసిన వస్తువు 41, మిగతా నాలుగింట్లో పేరు మార్చిన అడ్డు వస్తువులు ఒక్కొక్కటి. మొత్తం 45, కంపారేటర్ 2 చూపిస్తుంది. ఇంకొకటి వచ్చి 46 అయితే 3 అవుతుంది, టార్చ్ ఆరుతుంది, కింది హాపర్ తెరుచుకుని ఒకటి లాక్కుంటుంది. 41 బదులు 38 వేసినా కొంపేం మునగదు, ముందు అది నిండి ఆ తర్వాత పని మొదలుపెడుతుంది. వరస మాత్రం మార్చకు. కింది హాపర్ ఎప్పుడూ మొదటి స్లాట్ నుంచే లాగుతుంది. అడ్డు వస్తువు మొదట ఉంటే అదే పోతుంది.

నా పరువు పోయిన కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. నా దగ్గర కోళ్ళ ఫారం ఉంది, గుడ్లు గుట్టలు. అడ్డు వస్తువులుగా గుడ్లే వాడదామని ఆన్విల్ (వస్తువుల పేర్లు మార్చే దాగలి) దగ్గర ‘ముట్టుకోకు’ అని పేరు పెట్టి అన్ని ఫిల్టర్లలో వేశాను. నెల రోజులు బంగారంలా నడిచింది. ఒకరోజు క్యారెట్ల చెస్ట్ తెరిస్తే లోపల నాలుగు ‘ముట్టుకోకు’ గుడ్లు, వాటి వెనక ఇనుము, ఎముకలు, ఉన్ని, ఏది పడితే అది. రెండు గంటలు బుర్ర గోక్కున్నాను. సంగతేంటంటే, గుడ్లు 16కే ఒక స్టాక్ (ఒక స్లాట్‌లో పేరే గుట్ట). కంపారేటర్ లెక్కలో ఒక గుడ్డు నాలుగు రాళ్ళతో సమానం. పక్కనున్న ఇనుము చెస్ట్ నిండిపోయి, ఫిల్టర్‌లో ఇనుము 64 దాకా పేరుకుంది. 64 ప్లస్ 16 అంటే 80, సిగ్నల్ 4. మామూలు అడ్డు వస్తువులైతే 64 ప్లస్ 4, ఎంత నిండినా 3 దాటదు. నా 4 మాత్రం డస్ట్ మీదుగా పక్క వరసకి పాకి క్యారెట్ల తాళం తీసేసింది. క్యారెట్లన్నీ పోయాక గుడ్లు కూడా పోయాయి, ఇక ఫిల్టరే లేదు. అందుకే 64 పేరే వస్తువులే వాడు. పుల్లలు చాలు. ఆన్విల్ దగ్గర ఒక స్టాక్ మొత్తానికి ఒకే లెవల్ ఖర్చు.

ఫర్నేస్ వరస గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పైనుంచి కాల్చేది, పక్కనుంచి బొగ్గు, కిందనుంచి తయారైంది. బొగ్గు పై హాపర్‌లో వేస్తే అది కాల్చే స్లాట్‌లో కూర్చుంటుంది, ఇక ఏదీ కదలదు.

సరుకు బయటికి తోసే డ్రాపర్‌కీ డిస్పెన్సర్‌కీ తేడా మొహంలో తెలుస్తుంది. డ్రాపర్ నవ్వుతున్నట్టు, డిస్పెన్సర్ నోరు గుండ్రంగా తెరిచినట్టు ఉంటాయి. చెస్ట్‌లోకి సరుకు తోసేది డ్రాపరే. దానికి కరెంటు ఆగకుండా ఇస్తే ఒక్కసారే తోస్తుంది, ఆన్ అయ్యి ఆఫ్ అవుతూ ఉండాలి.

నీళ్ళతో పైకి పంపే గొట్టంలో సగంలో వస్తువులు ఆగిపోతుంటే, ఆ మెట్టు దగ్గర నీళ్ళు పారే నీళ్ళు, సోర్స్ (ఊట) కాదు. అడుగు నుంచి పైదాకా కెల్ప్ అనే నీటిమొక్క నాటితే ప్రతి బ్లాకూ సోర్స్ అవుతుంది. తర్వాత కెల్ప్ విరిచేసి అడుగున బుడగలతో పైకి తోసే సోల్ సాండ్ ఇసుక పెట్టు.

ఇంకోటి. నువ్వు దూరం వెళ్ళి వచ్చేసరికి సగం పని ఆగిపోయి ఉంటే యంత్రాన్ని తిట్టకు. నువ్వు దగ్గర లేకపోతే ఆ చంక్‌లు (ఆట లోకంలోని ముక్కలు) నిద్రపోతాయి. ఎఫ్3, జి కలిపి నొక్కితే చంక్ గీతలు కనబడతాయి. ఫార్మూ సార్టరూ దగ్గరదగ్గర చంక్‌లలో కట్టుకో.

యూట్యూబ్‌లో చూసి కట్టేటప్పుడు అది జావా రకం ఆటా, బెడ్‌రాక్ రకం ఆటా అని ముందు చూసుకో. పిస్టన్లు, డ్రాపర్లు జావాలో పైనున్న బ్లాక్‌కి తగిలిన కరెంటుకి కూడా కదులుతాయి, బెడ్‌రాక్‌లో కదలవు. నీదీ నాదీ జావానే.

ఇవన్నీ ఎందుకు, కాపర్ గోలెంని పెట్టుకుంటే సరిపోతుంది కదా అన్నావు. 2025లో వచ్చిన ఆ బొమ్మ ముచ్చటగానే ఉంటుంది, చెస్ట్‌ల మధ్య తిరుగుతూ సరుకు సర్దుతుంది. కానీ నెమ్మది. పైగా చిలుము పట్టి విగ్రహమైపోతుంది, తేనెమైనం రాయకపోతే. దాన్ని నీ విల్లుల చెస్ట్ దగ్గర పెట్టుకో, ముద్దుగా ఉంటుంది.

ఆదివారం పొద్దున పదింటికి కాల్ చెయ్యి. ఈలోగా చివర చెస్ట్ పెట్టి, ఆఖరి హాపర్ మీద ఎఫ్3 స్క్రీన్‌షాట్ ఒకటి, బాణాల ఫిల్టర్ తెరిచింది ఒకటి పంపు. అందులో 41 పక్కన నువ్వేం పెట్టావో చూడాలి. గుడ్లు కాదు కదా?

మీ మావయ్య