పాదం చూపించుకోవాలంటే చెప్పులు బయట విడవకండి

"మా అమ్మకు 64 ఏళ్లు. కాలి బొటనవేలి మొదట్లో నొప్పి అంటోంది. కీళ్ల అరుగుదల మోకాళ్లకు కదా వచ్చేది, పాదాలకు కూడా వస్తుందా?" అని ఒకరు అడిగారు. వస్తుంది. నాకు వచ్చింది. బడిలో 31 ఏళ్లు నిలబడి పాఠాలు చెప్పిన కాళ్లు నావి.

మొదట చూసిన డాక్టరు నా పాదం వంక కన్నెత్తి చూడలేదు. యూరిక్ యాసిడ్ పెరిగి కీలు వాచే జబ్బు (గౌట్) అయి ఉంటుందని రక్తపరీక్ష రాశారు. అది మామూలుగానే వచ్చింది. "అయితే వయసు" అన్నారు. (వేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది వేరే కథ, ఆ పరీక్ష చేయించాల్సిందే.) రెండో ఆయన మోకాళ్లు నొక్కి చూసి, అవి భేషుగ్గా ఉన్నాయని నన్ను అభినందించి పంపారు. మోకాలికి ఉన్న మర్యాద పాదానికి ఎక్కడుంది!

అసలు సంగతి పట్టుకున్నది తెనాలి బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన. పట్టీ తెగిందని ఇస్తే, సూది పక్కన పెట్టి జతను బోర్లించాడు. ఎడమది సమంగా అరిగింది. కుడిదానికి చిటికెనవేలి వైపు అంచు అట్టముక్కలా పలచబడింది. బొటనవేలి కింద మాత్రం కొన్ననాటి గీతలు అలాగే ఉన్నాయి. "అమ్మా, మీరు ఈ వేలు నేలకు ఆనించడం లేదు. ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! నొప్పిని తప్పించుకుంటూ పాదం వెలుపలి అంచు మీద నడవడం ఎప్పుడు అలవాటైందో.

డాక్టర్లకు ఇది ఎలా కనిపిస్తుంది? చెప్పులు గది బయట విడిచి లోపలికి వెళ్తాం.

మూడోసారి వాటిని సంచిలో పెట్టుకుని వెళ్లాను. గుడిలోకి తెచ్చినంత గోల చేశాడు అటెండరు. డాక్టరమ్మ మాత్రం వాటిని తిప్పి చూసి, నా బొటనవేలు పట్టుకుని పైకి వంచారు. వేలు వంగలేదు, నేను కేక పెట్టాను. కీలు మీద గడ్డలా తగులుతున్నది పెరిగిన ఎముకేనన్నారు. ఎక్స్‌రే నిలబడి తీయించుకోమన్నారు, బరువు పడ్డప్పుడే కీలు సందు ఎంత మిగిలిందో తెలుస్తుందట. అక్కడి కుర్రవాడు పడుకోమంటే దానికీ ఒక వాదన.

ఇది నా ఒక్కదాని గోల కాదు. ఇంగ్లండులో కీల్ విశ్వవిద్యాలయం వారు నార్త్ స్టాఫర్డ్‌షైర్‌లో నాలుగు ప్రాథమిక వైద్యశాలల్లో నమోదైన, 50 ఏళ్లు నిండినవారిని పరిశీలించి 2015లో లెక్క ప్రచురించారు. నొప్పితో కూడిన పాదం అరుగుదల సుమారు 16.7 శాతం మందికి ఉందని అంచనా, అంటే ఆరుగురిలో ఒకరికి. వాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు పనులకు అడ్డుపడేంత బాధ అన్నారు. ఆడవాళ్లలో, ఒళ్లు వంచి పనిచేసేవాళ్లలో ఎక్కువ. పాదంలో చూసిన కీళ్లన్నిటిలోకీ ముందు వరుసలో ఉన్నది ఈ బొటనవేలి కీలే. మన దగ్గర వంట, బట్టలు, ముగ్గు అన్నీ మునివేళ్ల మీద కూర్చునే కదా, ఇక్కడ లెక్క తీస్తే ఇంకా ఎక్కువే తేలుతుందని నా గట్టి నమ్మకం.

ఇక చెప్పుల దుకాణాలు! అమ్మే అబ్బాయి ప్రతి జతనూ చపాతీలా మడిచి "ఎంత మెత్తగా ఉందో చూడండి" అంటాడు. అది మడత పడిన చోటే నా వేలూ మడత పడాలి, బాబూ. మాకు కావలసింది ముందు భాగం వంగని గట్టి అడుగు. మెల్‌బోర్న్‌లో బూటులో గట్టి పలక పెట్టి చేసిన పరీక్షలోనూ 12 వారాలకు నొప్పి తగ్గిందని 2021లో తేలింది. నాకు పెద్దాయనే లోపల తోలుముక్క దట్టంగా వేసి ఇచ్చాడు. నొప్పి పోలేదు గానీ రైతుబజారుకు నడిచి వెళ్లి వస్తున్నాను.

మీ అమ్మగారి పాత జత ఒకసారి బోర్లించి చూడండి. ఆస్పత్రికి కదా అని కొత్తవి వేసి తీసుకువెళ్లకండి.