పాత్‌లో రంగు పడలేదని 40 వేలు కట్టకండి అన్నా

పరకాల నుంచి ఒక అన్న రాశారు. కొడుకు ఇంటర్ సీఈసీ ఈ ఏడాదే పాసై హనుమకొండలో ఒక ఫ్లెక్సీ షాపులో పని నేర్చుకుంటున్నాడు. మొన్న ఫోటోషాప్‌లో లోగో గీశాడు, స్క్రీన్ మీద గీత కనిపిస్తోంది కానీ ప్రింట్ తీస్తే తెల్ల కాగితమే వచ్చింది. "నాకీ పని రాదు నాన్నా" అని కూర్చున్నాడు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో 40 వేలు కడితే అన్నీ నేర్పిస్తామంటున్నారు. కట్టాలా, డిగ్రీలో చేర్పించాలా అని ఆయన టెన్షన్.

అన్నా, ఇప్పుడే కట్టకండి. మీవాడు గీయడం సరిగ్గానే గీశాడు.

పెన్ టూల్‌తో గీసిన పాత్ అంటే దర్జీ గుడ్డ మీద సుద్దతో గీసుకునే గీత లాంటిది, కొలత మొత్తం అందులోనే ఉంటుంది కానీ కుట్టిన చొక్కా మీద కనిపించదు. రంగు రావాలంటే కొత్త లేయర్, అంటే ఖాళీ పొర, తీసుకుని, రంగు ఎంచుకుని, పాత్స్ ప్యానెల్ అడుగున ఉన్న నిండు గుండ్రాన్ని నొక్కాలి, అది ఫిల్. దాని పక్కనున్న ఖాళీ గుండ్రం స్ట్రోక్, అది అంచు గీస్తుంది, అప్పుడు బ్రష్ సైజు ఎంత ఉంటే గీత అంత లావు. టెక్స్ట్ లేయర్ మీద ఉండి నొక్కితే ఏమీ జరగదు, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు. ఇలా వేసిన రంగు తర్వాత పాత్‌ను జరిపితే వెంట రాదు, అది కూడా చెప్పండి. పైన బార్‌లో పాత్ బదులు షేప్ పెట్టుకుని గీస్తే గీత ఎటు పోతే రంగు అటు పోతుంది.

ఇంతే. దీనికి 40 వేలా?

అసలు లోగో ఫోటోషాప్‌లో ఎందుకు గీశాడో నాకు అర్థం కాలేదు, ఆ షాపులో లోగోలు గీసే సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రా ఉండే ఉంటుంది కదా. అందులో రంగుల పట్టీ మీద ఎడమ క్లిక్ కొడితే లోపలి రంగు, కుడి క్లిక్ కొడితే అంచు రంగు. గీత రెండు చివరలూ కలవకపోతే మామూలుగా రంగు నిండదు, చూపుకు కలిసినట్టే ఉంటుంది, జూమ్ చేస్తే వెంట్రుకవాసి సందు దొరుకుతుంది.

మీవాడితో ఒక పని చేయించండి. కోరల్‌డ్రాలో "వరంగల్" అని ఫాంట్ వాడకుండా పెన్ టూల్‌తో గీయమనండి. రంగు వేయగానే సున్నా మూసుకుపోయి బొట్టుబిళ్లలా అవుతుంది, ఎందుకంటే బయటి గుండ్రం, లోపలి గుండ్రం వేరువేరుగా ఉన్నాయి. రెండూ కలిపి ఎంచుకుని కంట్రోల్ ఎల్ కొడితే, అంటే కంబైన్ చేస్తే, మధ్యలో తెరుచుకుంటుంది. ఈ సంగతి మీరు చెప్పకండి. వాడంతట వాడే వెతుక్కుంటే ఈ పని వాడికి పడుతుంది, విసుక్కుని మౌస్ పక్కన పడేస్తే బీకాంలో చేర్పించండి, తప్పేం లేదు.

పడుతుందనిపిస్తే మాత్రం ఫ్లెక్సీ షాపు దగ్గరే ఆగొద్దు. పెళ్లిళ్ల సీజన్‌లో, ఎన్నికలప్పుడు రాత్రింబవళ్లు పని, మిగతా రోజులు ఖాళీ, నడుములు పోతాయి. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో, అంటే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో, బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్ అనే డిగ్రీ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ అనే డిగ్రీ ఉంది. ఈ బీడిజైన్‌కి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు, కానీ ఇంటర్ అయ్యాక ఎక్కువ ఏళ్లు ఆగితే కుదరదు. అందులో కంప్యూటర్ మీద ఆలోచించి రాసే ప్రశ్నలతో పాటు పెన్సిల్‌తో బొమ్మ కూడా అడుగుతారు, సాఫ్ట్‌వేర్ అడగరు, కాబట్టి రోజూ ఒక గంట కాగితం మీద గీయాలి, వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీల మీది డిజైన్లయినా సరే, వరంగల్ కోట తోరణమైనా సరే.

ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఇంక్‌స్కేప్ వేయించండి, అదీ కోరల్‌డ్రా లాంటి సాఫ్ట్‌వేరే, ఉచితం. "వరంగల్" గీశాక నాకు పంపమనండి, ఫోటో కాదు, అసలు ఫైలు. సున్నాకు నాలుగు పాయింట్లు పెట్టాడో, నలభై పెట్టాడో చూసి చెబుతా.