కుండ మీది తెల్లని పూత

ప్రశ్న: పోయిన వేసవిలో మా మట్టికుండలో నీళ్లు ఎంతో చల్లగా ఉండేవి. ఈ ఏడాది అదే కుండ, అవే బోరు నీళ్లు, అయినా చల్లబడడం లేదు. కుండ బయట తెల్లని పూత పట్టింది. లోపం కుండదా, నీటిదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లోపం కుండది కాదు. దాని గోడల గుండా ఊరిన నీరు ఆవిరై పోతూ, తనలో కరిగి ఉన్నదాన్ని అక్కడే వదిలిపెట్టింది. మీరు చూస్తున్న పూత అదే.

నీరు ఆవిరి కావడానికి 100 డిగ్రీల వేడి అక్కరలేదు. ఏ ఉష్ణోగ్రతలోనైనా నీటి అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. వాటిలో ఎక్కువ వేగం ఉన్నవి పైపొరను దాటి గాలిలో కలిసిపోతే, నెమ్మదిగా కదిలేవి మిగులుతాయి కనుక మిగిలిన నీరు చల్లబడుతుంది. కాల్చిన మట్టిలోని సన్నని రంధ్రాల గుండా నీరు ఊరుతూ కుండ వెలుపలి భాగం చెమ్మగా ఉన్నంతసేపూ ఈ పని సాగుతుంది. 10 లీటర్ల కుండ నుంచి 200 మిల్లీలీటర్లు, అంటే ఒక్క గ్లాసు నీరు ఆవిరైతే, బయటి వేడి లోపలికి చేరదనుకున్న లెక్కలో మిగిలిన నీరు సుమారు 12 డిగ్రీలు చల్లబడాలి. ఒక్క గ్లాసుకు ఇంత ఫలితం ఉండడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గాలిలోకి పోయేది నీరు మాత్రమే; లవణాలు ఆవిరి కావు. లీటరుకు 1 గ్రాము లవణాలున్న బోరు నీరు రోజుకు అర లీటరు చొప్పున ఆవిరైతే, 60 రోజుల్లో 30 గ్రాములు వెనక మిగులుతాయి. అవి ఎక్కువగా చేరేది ఆవిరి లేచే చోటనే, అంటే వెలుపలి రంధ్రాల్లోనే. అన్నీ ఒకేసారి పేరుకోవు: తక్కువగా కరిగే కాల్షియం కార్బొనేట్ ముందు విడిపోతుంది, తరువాత జిప్సం, ఆ తరువాతే మనం తినే ఉప్పు. మెగ్నీషియం లవణాలు చివరిదాకా కరిగే ఉంటాయి; చినగంజాం వంటి చోట్ల ఉప్పు మళ్లలో ఉప్పు కట్టాక మిగిలే ద్రవం చేదుగా ఉండేది అందుకే.

మీ కుండను తడిగుడ్డతో తుడిచి చూడండి. కరిగి గుడ్డకు వచ్చేసేది ఉప్పు వంటి లవణం. తుడిచినా పోని పూత మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసినప్పుడు సన్నని బుడగలు లేస్తే అది కాల్షియం కార్బొనేట్; ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. రంధ్రాలు దానితో పూడుకుపోతే నీరు ఊరదు, ఊరని నీరు ఆవిరి కాదు, చల్లదనమూ ఉండదు.

కుండను కాసేపు నిమ్మరసం కలిపిన నీటితో తడిపి, కొబ్బరి పీచుతో తోమి, బాగా కడగండి. సబ్బు వాడవద్దు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. లోపలి రంధ్రాల్లో గట్టిపడినది మాత్రం పూర్తిగా పోదు. తేమగాలితో ఉక్కపోసే రోజున కొత్త కుండ కూడా అంతగా పని చేయదు కాబట్టి, పొడి గాలి వీచే రోజు చూసి ఉదయం కుండ నింపి, మధ్యాహ్నం దాని పొట్ట మీద అరచేయి ఆనించండి. చల్లని చెమ్మ తగిలితే ఈ వేసవికి అది చాలు; పొడిగా, వెచ్చగా ఉంటే కొత్త కుండ కొనవలసిందే.